కాంతి శోషణను చూసి నానో స్ఫటికాల్లోని ఎలక్ట్రాన్ల సంగతి ఎలా చెబుతారు?

సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్ కింది శక్తి పట్టీ నుంచి పై పట్టీకి ఎగరాలంటే రెంటికీ మధ్యనున్న శక్తి తేడాకు, అంటే బ్యాండ్ గ్యాప్‌కు, సరిపడా శక్తి అందాలి. అంత శక్తి లేని కాంతి నేరుగా దాటిపోతుంది. కాబట్టి శోషణ ఎక్కడ మొదలైందో చూస్తే గ్యాప్ ఎంతో తెలుస్తుంది.

కాడ్మియం సెలెనైడ్‌నే తీసుకోండి. పెద్ద ముక్కగా ఉంటే దాని గ్యాప్ సుమారు 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు. అదే పదార్థాన్ని 3 నానోమీటర్ల రేణువులుగా చేసి, ఆ ద్రావణాన్ని స్పెక్ట్రోమీటర్‌లో (ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత శోషణ అయిందో కొలిచే పరికరంలో) పెడితే మొదటి శోషణ శిఖరం 550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కనబడుతుంది. నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యాన్ని శక్తిగా మార్చాలంటే 1240ని దానితో భాగించాలి; 1240ని 550తో భాగించండి, దాదాపు 2.25 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. పెరిగిన ఆ అర ఎలక్ట్రాన్ వోల్టు, ఎలక్ట్రాన్‌ను ఇరుకు చోట బంధించినందుకు. పదార్థం అదే, మారింది సైజు ఒక్కటే! నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే. 1980ల మొదట్లో భౌతిక శాస్త్రవేత్త ఎకిమొవ్ గాజులోని కాపర్ క్లోరైడ్ రేణువుల్లో ఈ మార్పును పట్టుకున్నది కూడా శోషణతోనే.

శిఖరం సన్నగా ఉంటే రేణువులు దాదాపు ఒకే సైజు. వెడల్పుగా పరచుకుంటే రకరకాల సైజులు కలిసి ఉండొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇలా కొలిచేది ఆప్టికల్ గ్యాప్. ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి, ఆ రెంటినీ పూర్తిగా విడదీయడానికి కావలసిన ఎలక్ట్రానిక్ గ్యాప్ కన్నా ఇది కొంత తక్కువే ఉంటుంది.