కెమెరా కంటే ముందు రిట్రాక్టర్ పట్టుకునే చేతుల సంగతి చూడండి

మన గోదావరి డెల్టాలో కొత్తగా ఆర్థోడాంటిక్ (వంకర పళ్లను సరిచేసే) క్లినిక్ తెరుస్తున్న ఒక డాక్టరు గారు, క్లిప్పులు వేయించుకునేవారి ముఖాలను, దంతాలను ఫొటో తీయడానికి ఫోను చాలునా, డీఎస్ఎల్ఆర్ కొనవలసిందేనా అని అడిగారు. నరసాపురంలో చాలాకాలంగా ఇదే వృత్తిలో ఉన్నవాడిగా జవాబు రాస్తున్నాను.

కెమెరా సంగతి ముందు తేల్చేస్తాను. డబ్బుంటే ఒక మామూలు డీఎస్ఎల్ఆర్, దగ్గరి వస్తువులను పెద్దగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్సు, ఆ లెన్సు చుట్టూ అమరే రింగ్ ఫ్లాష్ కొనండి. నోటి లోపలి ఫొటోలకు అపర్చరు, అంటే లెన్సు రంధ్రం, బాగా చిన్నదిగా ఎఫ్ 22 దగ్గర పెడితే ముందు పంటి నుంచి వెనక దవడ పంటి దాకా స్పష్టంగా వస్తుంది. ముఖానికి ఎఫ్ 8 సరిపోతుంది. ఫోనుతో వచ్చే చిక్కు దూరంలో ఉంది. ఫోను మామూలు లెన్సుతో ముఖం ఫ్రేము నిండా రావాలంటే జానెడు రెండు జానల దూరానికి వెళ్లాలి, అంత దగ్గరగా తీసినప్పుడు ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. సుమారు ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి, జూమ్ లెన్సుతో, ప్రతిసారీ అదే చోట నిలబడి తీయగలిగితే కొంతకాలం ఫోనుతోనే నెట్టుకురావచ్చు. దీని మీద ఇంతకంటే మథనపడవలసిన పని లేదు.

నా అనుభవంలో ఫొటోను చెడగొట్టేవి వేరే ఉన్నాయి. పళ్లు కనబడేలా పెదాలను, బుగ్గలను పక్కకు లాగి పట్టే రిట్రాక్టర్‌ను మీ దగ్గర పనిచేసే అసిస్టెంటు ఎలా పట్టుకుంటుందన్నది లెన్సు ధర కంటే ముఖ్యం. పక్క ఫొటో తీసేటప్పుడు తీస్తున్న వైపు రిట్రాక్టర్‌ను చెవి వైపుకు బాగా లాగి, రెండో వైపు వదులు చేయాలి; రెండు వైపులా సమానంగా లాగితే బుగ్గ అడ్డుపడుతుంది, అప్పుడు ఫొటో తీసేవారు దారి లేక ముందు నుంచి ఏటవాలుగా తీస్తారు. అలా తీసిన ఫొటోలో కింది పళ్లతో పోలిస్తే పై పళ్లు వెనక్కి జరిగినట్టు కనిపించి, క్లాస్ టూ బైట్ (పై పళ్లు ముందుకు జరిగి కరిచేది) కాస్తా సరైన పొందికైన క్లాస్ వన్‌కు దగ్గరగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. పళ్లు కరిచే తీరుకు అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో చెప్పిన ఈ వర్గీకరణను మనం ఇప్పటికీ వాడుతున్నాం గాని, దాన్ని అబద్ధం చేయడానికి కెమెరాను కొద్దిగా ముందుకు జరిపితే చాలు. ఎదురు ఫొటోలోనూ ఇంతే, కెమెరా పైనుంచి చూస్తే పై పళ్లు కింది పళ్లను ఉన్నదానికంటే ఎక్కువగా కప్పినట్టు, కింది నుంచి చూస్తే తక్కువగా కప్పినట్టు వస్తాయి. అందుకే పళ్లు కొరికే గీతకు సరిగ్గా సమాన ఎత్తులో లెన్సు ఉండాలని నేను పట్టుబడతాను.

ముఖం ఫొటోల విషయంలో అడ్డు వచ్చేది ఎక్కువగా ఇంటివారి ప్రేమే. ఒక వర్షాకాలంలో సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది, పై పళ్లూ కింది పళ్లూ కూడా ముందుకు వచ్చి ఉన్నాయి. లేత నీలం తెర ముందు నిలబెట్టగానే తల్లి లేచి వచ్చి, చెవుల మీదుగా జుట్టు సర్ది, బొట్టు సరిచేసి, "మూతి బిగించుకోవే, ఎత్తుపళ్లన్నీ ఫొటోలో పడతన్నాయి" అన్నది. ఆ పిల్ల వెంటనే పెదాలు కలిపింది. కలిపీ కలపగానే కింది పెదవి కింద గడ్డం కండరం బిగుసుకుని, చర్మమంతా నారింజ తొక్కలా గుంటలు పడింది. అడగకుండానే అంత చురుగ్గా చేసిందంటే అది ఎన్నేళ్ల అలవాటో ఊహించవచ్చు.

నేను ఆ ఫొటో కూడా తీసుకుని, జుట్టు చెవుల వెనక్కి దువ్వించి, ఎదురుగోడకు ఉన్న అద్దంలో తన కళ్లలోకి తననే చూసుకోమన్నాను. తల సహజమైన భంగిమలో నిలవడానికి అంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు. తరువాత పెదాలు తడుపుకుని, గుటక వేసి, మెల్లగా "అమ్మ" అని ఆగిపొమ్మన్నాను. ఆ మాట చివర పెదాలు విడిపోతాయి కదా, వాటిని అలాగే వదిలేయాలి. ఆ పిల్ల మాత్రం అన్న ప్రతిసారీ మళ్లీ మూసేస్తూ, "పళ్లు కనబడితే బాగోదు కదండి" అన్నది. "ఇది ఎవరికీ చూపించే ఫొటో కాదమ్మా, నీ పెదాలు శ్రమపడనప్పుడు ఎలా ఉంటాయో నాకు తెలియడానికి" అని ఓపికగా చెప్పిన మీదట పెదాలు జారి వాటి స్థానంలో నిలిచాయి. ఆ వయసు అమ్మాయిలకు పెదాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు పై పళ్లు 2 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా కనిపించడం సహజం. ఈ అమ్మాయికి పంటిలో సగం పైగా కనిపించింది.

రెండు ఫొటోలనూ కంప్యూటరు తెర మీద పక్కపక్కన పెట్టగానే తల్లి చాలాసేపు చూసి, "అంటే రోజంతా ఇలా బిగబట్టుకునే ఉంటందాండి?" అని అడిగారు. నాలుగు ప్రీమోలార్లు (కోరపళ్ల వెనక ఉండే పళ్లు) తీయించి ముందు పళ్లను వెనక్కి తేవాలన్న మాట ఆ తరువాతే ఆవిడకు అర్థమయ్యేలా చెప్పగలిగాను. తలను పక్క నుంచి తీసిన ఎక్స్‌రే కూడా అదే చెప్పింది, అయితే ఎక్స్‌రే చూసి ఒప్పుకునే తల్లిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. చికిత్సకు ముందు ఫొటోను చీకట్లో, నవ్వు లేకుండా తీసి, తరువాతి ఫొటోను లిప్‌స్టిక్‌తో, పట్టపగలు వెలుతురులో తీసి ప్రకటనలకు వాడుతున్నవారు పెరిగిపోయారు. అలాంటి జత ఫొటోలలో పళ్లు ఎంత మారాయో డాక్టరుకు కూడా తెలియదు. వెలుతురు, దూరం, వెనక తెర, తల భంగిమ నాలుగూ మారకుండా ఉంటేనే ఆ రెండు ఫొటోలనూ పోల్చడం న్యాయం. పిల్లల ముఖాలను వాడుకోవాలంటే తల్లిదండ్రుల చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మన తేమ గురించి కూడా జాగ్రత్త పడండి. లెన్సును తోలు సంచిలో వదిలేస్తే వానాకాలం ముగిసేసరికి లోపల బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. ఏసీ గదిలో చల్లబడిన నోటి అద్దం (లోపలి పళ్లను ఫొటో తీయడానికి నోట్లో పెట్టేది) పేషెంటు ఊపిరి తగలగానే ఆవిరి పట్టిపోతుంది కాబట్టి, దాన్ని వాడబోయే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచి తుడవాలి. ఆ అద్దం కూడా గాజు వెనక కాక పైననే మెరుపు పూత ఉన్నదే కొనండి, మామూలు అద్దంలో ప్రతి పన్నూ రెండుగా పడుతుంది.

చివరగా, ఫొటోలన్నీ పెద్ద తెర మీద చూసుకున్న తరువాతే పేషెంటును కుర్చీలోంచి లేవనివ్వండి. ఏటికి అవతలి నుంచి వచ్చినవారిని ఒక్క మసక ఫొటో కోసం మళ్లీ పంటు ఎక్కించకూడదు. పైగా క్లిప్పులు అంటించాక మొదటి రోజు ఫొటో మళ్లీ తీయడం ఎవరి తరమూ కాదు.