వాయిద్య కచేరీలో వెనక తెర మీద లైవ్ వీడియో వేస్తే సంగీతం మీద ధ్యాస పోదా?

పోతుంది. నేను చూసిన చాలా కచేరీల్లో పోయింది. అయితే దానికి తెరను తిట్టి లాభం లేదు. వీడియో డెస్క్ దగ్గర కూర్చున్న మనిషికి తాళం రాకపోవడమే అసలు జబ్బు.

నేను చిన్నప్పుడు విజయవాడలో కొన్నాళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు జర్మనీలో, కొలోన్‌లో ఉంటూ, కొత్త సంగీతం, అంటే ఈ కాలపు పాశ్చాత్య శాస్త్రీయ రచనలు, వాయించే చిన్న చిన్న బృందాలకు వీడియో పని చూస్తుంటాను. మా బావగారి లెక్కలో ఇది పెళ్లిళ్లలో ఎల్‌ఈడీ వాల్ నడిపే పనే, కాకపోతే డబ్బులు యూరోల్లో వస్తాయి. ఆయనకు చెప్పి చెప్పి విసిగిపోయాను, మీకైనా చెబుతాను.

ఆ మధ్య ఒక కొత్త రచన చేశాం. పియానో, చెల్లో (వయొలిన్ జాతిలో పెద్ద వాయిద్యం), పెర్కషన్ (కొట్టి వాయించేవి), వెనక పెద్ద తెర. చెల్లో వాయించే ఆవిడ ఎడమ చేతిని కెమెరాతో దగ్గర నుంచి పట్టి, అప్పటికప్పుడు తెర మీద రెండు నిలువుల ఎత్తున చూపించాలి. కంపోజర్ కుర్రాడు. కాగితం మీద అంతా బ్రహ్మాండంగా ఉంది. రిహార్సల్ మొదలైంది. ఆవిడ రెండు వరసలు వాయించి, కమాను ఒళ్లో పెట్టుకుని, తెర వైపు తిరిగి, "వెనకబడుతున్నది నేనా, అదా?" అని అడిగింది.

వెనకబడుతున్నది అదే. కెమెరా, వీడియో మిక్సర్, ప్రొజెక్టర్ తలా ఒకటో రెండో ఫ్రేముల (వీడియోలోని ఒక్కో బొమ్మ) సమయం మింగుతాయి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు పోతే 160. వినడానికి చిన్న సంఖ్యే. కానీ స్వరం ముందు వినిపించి, వేలు తర్వాత పడుతుంది. ఊళ్లో చెరువు అవతలి గట్టున బట్టలుతికేవాళ్లను చూసే ఉంటారు. బట్ట బండను తాకడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. పుట్టినప్పటి నుంచీ మనకు అలవాటైన వరస అదే. టీవీ ప్రసారాలకు పెట్టుకున్న అంతర్జాతీయ కొలతల్లోనూ ఇదే ఉంది. బొమ్మ కన్నా ధ్వని వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా మామూలు జనం పట్టుకోలేరట. అదే ముందుకొస్తే 45 దాటగానే పట్టేస్తారు. మాకున్నది ఆ రెండో రకం బాధ.

కంపోజర్ ఎలాగైనా దాచెయ్యమన్నాడు. సౌండ్ చూసే అతను మైకులో వచ్చే ధ్వనిని కూడా ఆలస్యం చేద్దామన్నాడు. స్పీకర్లను ఆలస్యం చేస్తావు సరే, చెల్లో నుంచి నేరుగా వచ్చే నాదాన్ని ఎలా ఆపుతావు? చిన్న హాలు, ముందు వరస వాళ్ల మోకాళ్లు దాదాపు స్టేజీకి తగులుతాయి. కేబుళ్లు మార్చాం, మధ్యలో ఉన్న ఒక కన్వర్టర్ పీకేశాం. ఒక ఫ్రేము కలిసొచ్చింది, అంతే. భోజనం టైము దాటిపోయింది, హాలు అద్దె మీటరు తిరుగుతూనే ఉంది. అప్పటిదాకా మూల కూర్చుని తన గాంగ్ కర్రకు గుడ్డ చుట్టుకుంటున్న పెర్కషన్ పెద్దావిడ, "దాచలేకపోతే పెంచండి, ఒక బార్ మొత్తం వెనక్కి వెయ్యండి" అంది.

వేశాం. బార్ అంటే మన ఆవర్తనం లాంటిది. చెల్లో ఆవిడ వాయించిన బార్‌ను తర్వాతి బార్‌లో తెర మీది చేయి వాయిస్తుంది. మనిషి ఒక స్వరం దగ్గర ఉంటే, ఆ పెద్ద చేయి ఆమె ఇందాక వదిలేసిన చోట వెతుక్కుంటూ ఉంటుంది. కంపోజర్ కాసేపు మొహం ముడుచుకుని కూర్చుని, తర్వాత పెన్సిల్ తీసి స్కోరు (స్వరాలు రాసిన కాగితాలు) దిద్దుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడే నా పని పడింది. నిమిషానికి 60 బీట్ల వేగంలో నాలుగు బీట్ల బార్ అంటే 4 సెకన్లు, అంటే 100 ఫ్రేముల ఆలస్యం పెట్టాలి. కచేరీ రోజు జనాన్ని చూడగానే ఎవరైనా వేగం పెంచుతారు. 72కి వెళితే 83 ఫ్రేములు చాలు. రిహార్సల్‌లో పెట్టిన 100 అలాగే ఉంచితే తెర మీద చేయి అర సెకను పైనే దారి తప్పుతుంది, అది ఎవరికీ అక్కరలేని గందరగోళం. కాబట్టి కచేరీ అంతా ఎడమ చేత్తో స్పేస్ బార్ మీద బీటు కొడుతూ కంప్యూటర్‌కు వేగం అందించాను. మధ్యలో ఏడు బీట్ల భాగం వచ్చినప్పుడు పెదాల మీద "తకిట తకధిమి" నడుస్తుంటే, పక్కన కూర్చున్న లైటింగ్ అబ్బాయి నాకేదో అయిందనుకుని నీళ్ల బాటిల్ అందించాడు. ఆ రోజు ఒక్కరు కూడా తెర వల్ల సంగీతం వినలేకపోయామని నాతో అనలేదు. అందుకే తప్పు తెరది కాదని అంత ధైర్యంగా చెబుతున్నాను.

సంగీతానికి బొమ్మ తోడు కావాలన్న కోరిక కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో పుట్టిన కంపోజర్ ఎడ్గార్ వరేజ్ తన "దేజేర్" అనే రచనకు సినిమా కూడా ఉండాలని కలగన్నాడు. 1954లో పారిస్‌లో సినిమా లేకుండానే వాయించారు, అందులోని టేపు శబ్దాలకే హాల్లో పెద్ద గోల అయింది. ఆ సంగీతానికి వీడియో కళాకారుడు బిల్ వయోలా వీడియో చేసేసరికి 1994 వచ్చింది, అప్పటికి వరేజ్ పోయి దాదాపు ముప్పై ఏళ్లు. అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైష్, వీడియో కళాకారిణి బెరిల్ కోరో కలిసి చేసిన "ది కేవ్" 1993 నాటిది. అందులో తెరల మీద మాట్లాడే మనుషుల గొంతుల్లోని ఎత్తుపల్లాలనే వాయిద్యాలు అందుకుంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డెన్మార్క్ కంపోజర్ సైమన్ స్టీన్ ఆండర్సన్ పియానో కాన్సెర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన), 2014లో జర్మనీలో కొత్త సంగీతానికి జరిగే డొనావెషింగెన్ ఉత్సవంలో మొదటిసారి వాయించారు. ఒక గ్రాండ్ పియానోను ఎనిమిది మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడేసి చిత్రీకరించాడు. స్టేజీ మీద పియానిస్టు మంచి పియానో వాయిస్తుంటే, తెర మీద అతనే ఆ విరిగిన పియానో వాయిస్తాడు. అక్కడ తెరను తీసేస్తే సగం సంగీతం పోతుంది.

మన దగ్గర ఫ్యూజన్ కచేరీలకు వెళితే ఏముంటుంది? వీణ మంద్రంలో మెల్లగా తడుముకుంటుంటే వెనక డ్రోన్ తీసిన జలపాతం. తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒంటరిగా వాయించేటప్పుడు, గెలాక్సీలు తిరుగుతుంటాయి. మూలన స్పాన్సర్ లోగో మాత్రం కదలదు, అది ఏ రాగానికైనా సరిపోతుంది కాబోలు. దాన్ని లైవ్ వీడియో అని పోస్టర్ మీద వేస్తారు, నిజానికి ఎవరో ప్లే నొక్కి టీ తాగడానికి వెళ్లిన ఫైలు. ఆ వెలుగుకు వాయించేవాళ్ల మొహాలు నల్లగా కనిపిస్తాయి.

ఇంకో పీడ క్లిక్ ట్రాక్. వీడియో ఫైలు ముందే తయారైపోయింది కాబట్టి, వాయించేవాళ్ల చెవుల్లో టిక్కు టిక్కు పెట్టి దాని వెంట పరిగెత్తిస్తారు. కొన్ని రచనలకు అది తప్పదు, ఒప్పుకుంటాను. కానీ మనోధర్మం ఉన్న, అంటే అప్పటికప్పుడు అల్లుకునే సంగీతానికి క్లిక్ పెట్టడం నాకు అసలు మింగుడుపడదు. ఆలాపన ఎక్కడ ముగుస్తుందో వాయించేవాళ్లకే తెలియదు, ఫైలుకెలా తెలుస్తుంది? వీడియోను చిన్న ముక్కలుగా కోసి, సంగీతం వినగలిగిన మనిషిని డెస్క్ దగ్గర కూర్చోబెడితే సరిపోతుంది. మృదంగం నేర్చుకున్న పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకు వారంలో నేర్పొచ్చు. ఎడిటర్‌కు తాళం నేర్పడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకే తెలుసు.

ఇలాంటి వీడియోకు ఖర్చెంత అని కూడా అడుగుతుంటారు. ఊరిని బట్టి మారుతుంది, అంకె చెప్పలేను. మూడు కెమెరాలు వద్దు, ఒకటే అద్దెకు తీసుకుని మిగిలిన డబ్బుతో అదే హాల్లో ఇంకో రోజు రిహార్సల్ పెట్టుకోండి. ప్రొజెక్టర్ తీసుకునే ముందు ఆన్ చేసి పక్కన నిలబడి దాని ఫ్యాన్ చప్పుడు వినండి, వెలుగు సంగతి తర్వాత. షాపువాళ్లు వెలుగు గురించే చెబుతారు.