నియంత అధికారాన్ని ఎలా బిగిస్తాడు? మా అపార్ట్‌మెంట్‌లో చూసింది చెబుతాను

ఓట్లతోనో ఒప్పందంతోనో పదవిలోకి వచ్చినవాడు నియంతగా ఎలా మారతాడు, ఎవరూ ఆపరా అని అడిగారు. ఆపాల్సినవాళ్లే చెయ్యెత్తి సరేనంటారండీ. నేనూ ఎత్తాను.

మేం ఉండేది బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు. 2024 ఎండాకాలంలో మా బోర్లు రెండూ ఎండిపోయాయి. అసోసియేషన్ ప్రెసిడెంట్ మన తెలుగాయనే, పనిమంతుడు. ట్యాంకర్ తెప్పించిన ప్రతిసారీ కమిటీ సంతకాలంటే కుదరదు, మూడు నెలలు నా ఒక్క సంతకం చాలనండి అన్నారు. బకెట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లకి బైలాలు ఏం గుర్తుంటాయి? ఒప్పేసుకున్నాం.

జర్మనీలోనూ ఇలాగే మొదలైంది. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్, అంటే ప్రధానమంత్రి లాంటి పదవిలోకి వచ్చినప్పుడు, మంత్రివర్గంలో అతను కాక అతని నాజీ పార్టీవాళ్లు ఇద్దరే. మిగతా పెద్దమనుషులు మనమే ఎక్కువమంది ఉన్నాం, వీణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చు అనుకున్నారు. కుర్చీలు లెక్కపెట్టారు గానీ, ఆ ఇద్దరిలో ఒకడైన గోరింగ్ చేతికి ప్రష్యా పోలీసులు వెళ్లారని పట్టించుకోలేదు. ప్రష్యా అంటే జర్మనీలో అతి పెద్ద రాష్ట్రం, దేశంలో సగానికి పైనే. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ప్రెసిడెంట్ హిండెన్‌బర్గ్ సంతకంతో పత్రికలు, సభలు, ఉత్తరాల గోప్యత లాంటి హక్కులన్నీ 'తదుపరి ఉత్తర్వుల దాకా' ఆగిపోయాయి. ఆ తదుపరి ఉత్తర్వు 12 ఏళ్లు రాలేదు.

అంత భయపెట్టి మార్చి 5న ఎన్నికలు పెట్టినా నాజీలకు వచ్చింది 43.9 శాతమే. మార్చి 23న, పార్లమెంటుతో పని లేకుండా మంత్రివర్గమే చట్టాలు చేసుకునే బిల్లు పెట్టారు. దానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. కమ్యూనిస్టు సభ్యుల్ని సభకే రానివ్వలేదు. క్యాథలిక్కుల సెంటర్ పార్టీకి హామీలు ఉత్తరంలో రాసిస్తానన్నాడు హిట్లర్. వాళ్లు ఓటేశారు, ఉత్తరం మాత్రం రాలేదు. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లు. చుట్టూ నాజీ దళాలు నిలబడి ఉండగా వద్దన్నారు.

మా 'మూడు నెలలు' కూడా మినిట్స్‌లో ఎక్కలేదు. వానలు పడ్డాయి, ఒక్క సంతకం అలాగే ఉంది. ఆడిటర్ మారాడు. గుడ్ మార్నింగ్‌లు ఎక్కువయ్యాయని వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా చేశారు. నిజంగానే ఎక్కువయ్యాయి మరి. ఏ అడుగు చూసినా దానికో సబబైన కారణం ఉండేది, అందుకే ఎవరికీ నోరు రాలేదు. లెక్కలడిగిన పెద్దాయన కారుకి పార్కింగ్ స్టిక్కర్ ఇవ్వలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ రోజూ ఆయన్ని ఆపి, ఏ ఫ్లాటని అడిగేవాడు. మా ప్రష్యా పోలీసు అన్నమాట. మేం చూసీ చూడనట్టు లిఫ్ట్ ఎక్కేసేవాళ్లం.

రెండూ ఒకటే అనడం లేదు. మా దగ్గర ఎవరి ప్రాణాలూ పోలేదు, నచ్చకపోతే ఇల్లు ఖాళీ చేయొచ్చు. అక్కడ మే 2న కార్మిక సంఘాల ఆఫీసులు లాక్కున్నారు, జూలై 14కి దేశంలో ఒకే పార్టీ మిగిలింది. మరుసటి ఏడాది హిట్లర్ సొంత దళాల నాయకుల్నే చంపించాడు. ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ పోగానే సైనికుల చేత తన పేరు మీదే ప్రమాణం చేయించుకున్నాడు.

పెద్దాయన ఈ మధ్యే ఫ్లాట్ అమ్మేశారు. సామాన్లు దింపుతున్న రోజు లిఫ్ట్‌లో కలిసి, "ఆ రోజు మీటింగ్‌లో మొదట చెయ్యెత్తింది నువ్వేగా బాబూ" అన్నారు.

"నీళ్లు లేవు కదండీ" అన్నాను.