‘అమ్మా, నేను రావచ్చా?’

విజయవాడ నుంచి ఒక తల్లి రాశారు:

“మాది సింగ్‌నగర్. పెద్దమ్మాయిని ఐదేళ్ళ క్రితం గుంటూరు ఇచ్చాం. అల్లుడు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. మూడేళ్ళ బాబు ఉన్నాడు. రెండో ఏడు నుంచే కొట్టడం మొదలైంది. మూడుసార్లు అమ్మాయి మా ఇంటికి వచ్చేసింది, మూడుసార్లూ నచ్చజెప్పి పంపాం. కిందటిసారి చెవి మీద కొడితే వారం రోజులు సరిగా వినిపించలేదు. డాక్టరుకు బాత్రూములో జారిపడ్డానని చెప్పింది. అప్పుడు పెద్దమనుషులు కూర్చుని ‘ఇకమీదట చేయి చేసుకోను’ అని అల్లుడితో స్టాంపు కాగితం మీద రాయించారు. నెల తిరగకుండానే మళ్ళీ మొదలు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. ‘ఇష్టం లేకపోతే నా ఇంట్లోంచి పో’ అంటారట. పెట్టిన బంగారం ఆవిడ బీరువాలోనే ఉంది. మా అమ్మాయికీ కాస్త నోరు ఎక్కువే. చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. కేసంటే కాపురం పోతుంది, లాయరుకు ఇచ్చుకునే శక్తి కూడా లేదు. మొన్న పక్కింటావిడ ఫోను నుంచి చేసి ‘అమ్మా, నేను రావచ్చా’ అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. ఏం చెప్పమంటారు?”

అమ్మా, ముందు ఆ ఫోనుకు జవాబు చెప్పండి. ‘వచ్చేయ్’ అనండి. మిగిలినది ఆ తరువాత చదవండి.

మొదటి మూడుసార్లూ మీ అమ్మాయి ఎవరినీ అడగకుండానే వచ్చింది. నాలుగోసారి అనుమతి అడుగుతోంది. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టినది ఈ మాటే. పుట్టింటి తలుపు తెరుచుకుంటుందో లేదోనన్న అనుమానం ఆమెలో మొదలైంది. మీ మీద నిష్ఠూరంగా చెప్పడం లేదు. మీరు పంపింది కాపురం నిలబడాలనే. కానీ పంపిన ప్రతిసారీ ‘ఎంత కొట్టినా వెనక్కి వస్తుంది’ అనే ధీమా అతనికి పెరిగింది.

నోరు ఎక్కువ అన్నారు. ఆ మాట ఇంకెక్కడా అనకండి, ముఖ్యంగా ఆమె ముందు. మన పెద్దమనుషుల పంచాయితీల్లో జరిగేది ఇదే. ‘నువ్వెందుకు ఎదురు చెప్పావమ్మా’ అంటూ దెబ్బలు తిన్న పిల్లనే ముందు విచారిస్తారు. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగుకు పంపితే అక్కడ పద్ధతి వేరు. కొట్టినవాడు ఎందుకు కొట్టాడో సమర్థించుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. కూర ఉప్పగా ఉందనీ, మాటకు మాట చెప్పిందనీ అక్కడ కారణాలు చెల్లవు. పంచాయితీ కోర్టుకంటే మర్యాద అనుకునేవారు ఈ తేడా గమనించాలని నా కోరిక.

కేసంటే కాపురం పోతుందన్న భయానికి వస్తాను. 2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని కింద వేసే దరఖాస్తు విడాకుల కేసు కాదు, అల్లుణ్ణి జైల్లో పెట్టమన్న ఫిర్యాదూ కాదు. ‘నన్ను కొట్టకుండా ఆపండి, నెలకు ఇంత ఇప్పించండి, నా వస్తువులు నాకు ఇప్పించండి, బాబును తాత్కాలికంగా నా దగ్గర ఉంచండి’ అని మేజిస్ట్రేటును అడగడం. అతను మారితే కలిసి ఉండటానికి ఈ చట్టం అడ్డు రాదు. రక్షణ ఉత్తర్వు వచ్చాక కూడా కొడితే మాత్రం అప్పుడు అది నేరం: ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్టాంపు కాగితానికి లేని బలం అదే.

అలాగని ఆ కాగితాన్ని పారేయకండి, భద్రంగా దాచండి. ‘ఇకమీదట చేయి చేసుకోను’ అని రాసిచ్చాడంటే ఇంతకుముందు చేసుకున్నట్టు ఒప్పుకున్నట్టే కదా. సంతకం చేసిన పెద్దమనుషులూ సాక్షులవుతారు.

అత్తగారి ఇల్లు గురించి చాలామంది మీలాగే పొరబడుతున్నారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, భార్యాభర్తలు కాపురం ఉన్న ఇంట్లో నివసించే హక్కు ఈ చట్టం ఇస్తుంది. అత్తమామల పేరు మీద ఉన్న ఇల్లు కూడా అందులోకి రావచ్చని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఇది నివాస హక్కే, ఇంటి మీద యాజమాన్యం రాదు. ఆ ఇంట్లో ఉండటమే ప్రమాదమైతే వేరే ఇంటికి అద్దె కట్టమని భర్తను ఆదేశించవచ్చు. మీ అమ్మాయికి ఇదే మేలని నాకు తోస్తోంది. బంగారం సంగతి ఇంకా సూటిగా ఉంది. పెళ్ళిలో ఆమెకు పెట్టినది స్త్రీధనం, అది ఆమెదే; ఈ మాట సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. నగల బిల్లులు, పెళ్ళి ఫొటోలు మీ ఇంట్లోనే ఉండి ఉంటాయి, వెతికి పెట్టండి. వచ్చేటప్పుడు మాత్రం బీరువా కోసం పెనుగులాడవద్దని చెప్పండి. ఇల్లు వదిలే ఘడియే చాలా ప్రమాదకరం. నగలు తరువాత కోర్టు ద్వారా అడగవచ్చు.

డబ్బు లేదన్నారు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. ఇంకొక వెసులుబాటు: బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా దరఖాస్తు వేయవచ్చు. మీ ఇంటికి వచ్చాక విజయవాడ కోర్టులోనే వేయవచ్చు, బాబును ఎత్తుకుని వాయిదాకొకసారి గుంటూరు తిరగనక్కరలేదు. మహిళా శిశు సంక్షేమ శాఖ తరఫున రక్షణాధికారి ఉంటారు. జరిగినదంతా గృహహింస నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపడం వారి పని. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే మీ వీధి అంగన్‌వాడీ టీచరును అడగండి, లేదా 181కి ఫోను చేయండి. వైద్యం, సలహా, కొద్ది రోజుల వసతి ఒకేచోట దొరికే సఖి కేంద్రం వివరాలు కూడా అక్కడే చెబుతారు.

దరఖాస్తు అందాక 3 రోజుల్లో మొదటి విచారణ, ఆపైన 60 రోజుల్లో తీర్పు అని చట్టంలో ఉంది. వాస్తవంలో వాయిదాలు పడతాయి, దానికి మీరు సిద్ధపడాలి. అందుకే తీర్పు వచ్చేదాకా రక్షణగా ఉండే మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే కోరమని లాయరుకు చెప్పండి. మీ అమ్మాయి ఇచ్చే ప్రమాణ పత్రం (అఫిడవిట్) చూసి, అవసరమనిపిస్తే అవతలివారు రాకముందే మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు.

పోలీసు కేసు వేరే దారి. భార్యను భర్త, అత్తింటివారు హింసిస్తే పెట్టే పాత 498ఎ సెక్షన్ బదులు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 ఉంది, మూడేళ్ళ వరకు శిక్ష. ఆ కేసు పెట్టాలా వద్దా అన్నది మీ అమ్మాయి నిర్ణయించుకోవాలి, మీరూ నేనూ కాదు.

చెవి విషయం వాయిదా వేయకండి. రాగానే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ఈసారి జరిగినది జరిగినట్టు చెప్పించండి. ‘భర్త కొట్టాడు’ అని చెబితే మెడికో లీగల్ కేసుగా, అంటే కోర్టుకు పనికొచ్చేలా నమోదు చేస్తారు. జారిపడ్డానన్న పాత మాట గురించి కోర్టులో అడుగుతారు, భయపడి అలా చెప్పానని నిజమే చెప్పమనండి. కమిలిన చోట్ల ఫొటోలు తీయండి.

చిన్నమ్మాయి సంబంధం గురించి మీ బెంగ నాకు అర్థమవుతోంది. కానీ అక్క మూడుసార్లు వచ్చి మూడుసార్లు తిరిగి వెళ్ళడం ఆ పిల్ల చూసింది. రేపు తనకు ఇలా జరిగితే మీకు చెబుతుందా అని మీరు ఆలోచించారా? అక్క కష్టం విని వెనక్కి పోయే సంబంధం పోనివ్వండి.

మీ అమ్మాయికి రేపు ఉదయం, అల్లుడు యార్డుకు వెళ్ళాక, ఆ పక్కింటావిడ నంబరుకే చేయండి. ఆమె సొంత ఫోనుకు వద్దు, అతను చూస్తూ ఉండవచ్చు. ఆధారు, బ్యాంకు పుస్తకం, బాబు జనన ధ్రువపత్రం, రెండు జతల బట్టలు చిన్న సంచిలో పెట్టుకోమనండి. ఎవరైనా ఆపితే, చేయి ఎత్తితే 112కు ఫోను చేయమనండి. మీ వారినో తమ్ముణ్ణో గుంటూరు బస్టాండుకు పంపండి, ఆ ఇంటి గుమ్మం దాకా వద్దు. అక్కడికి పక్కింటావిడ తోడు వస్తుందేమో అడగండి.