మన ఊరి మేనేజర్ షికాగో కబ్స్‌కు వెళ్లిపోయిన రోజు

“ఏళ్ల తరబడి జట్టును నడిపిన మేనేజర్ ప్రత్యర్థి జట్టులో చేరితే అభిమానులు అంతగా రగిలిపోవడం ఎందుకు? ఆయన ఉద్యోగం ఆయన మార్చుకున్నారు, అందులో తప్పేముంది?” అని ఒకరు అడిగారు. నేను పదమూడేళ్లుగా అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉంటున్నాను. 2023 నవంబర్ 6న ఇక్కడి బేస్‌బాల్ జట్టు బ్రూవర్స్‌కు మేనేజర్‌గా ఉన్న క్రెయిగ్ కౌన్సెల్ ఆ జట్టును వదిలి ప్రత్యర్థి షికాగో కబ్స్‌కు వెళ్లినప్పుడు ఈ ఊరు ఎలా తల్లడిల్లిందో కళ్లారా చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆయన వెళ్లడంలో తప్పు లేదు, జనం కోప్పడటంలోనూ తప్పు లేదు.

క్రికెట్ చూసేవారికి ఒక్క సంగతి చెప్పాలి. మన ఆటలో ఎవరికి బంతి ఇవ్వాలో మైదానంలోని కెప్టెన్ నిర్ణయిస్తాడు. బేస్‌బాల్‌లో ఆ పెత్తనమంతా మైదానం పక్కన జట్టు కూర్చునే చోట, అంటే డగౌట్‌లో ఉండే మేనేజర్‌ది. బ్యాటింగ్ వరుస వేయడం, బంతి విసిరే పిచ్చర్‌ను ఎప్పుడు దించాలో తేల్చుకోవడం, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలో చూసుకోవడం అన్నీ ఆయన పనులే. సీజన్‌కు 162 ఆటలు. అంటే ఆరు నెలలపాటు దాదాపు ప్రతిరోజూ ఆయన ముఖం చూస్తాం, ఆట ముగిశాక ఆయన మాటలు వింటాం. కౌన్సెల్‌ను అలా తొమ్మిది సీజన్లు చూశాం.

పైగా ఆయన ఎక్కడి నుంచో వచ్చిన మనిషి కాదు. మిల్వాకీ శివారులోని వైట్‌ఫిష్ బేలో పెరిగారు. ఆయన తండ్రి బ్రూవర్స్ సంస్థలోనే పనిచేశారు. ఆటగాడిగా 1997లో ఫ్లోరిడా మార్లిన్స్ తరఫున, 2001లో అరిజోనా డైమండ్‌బ్యాక్స్ తరఫున బేస్‌బాల్ తుది పోరైన వరల్డ్ సిరీస్ గెలిచారు. 1997 సిరీస్ ఏడో ఆటలో గెలుపు పరుగు తీసింది ఆయనే. చివరి సీజన్లు సొంత ఊరి జట్టులో ఆడి, 2015 మే నెలలో దానికే మేనేజర్ అయ్యారు. 707 విజయాలు సాధించారు. చివరి ఆరేళ్లలో ఐదుసార్లు జట్టును సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ పోటీలకు, అంటే ప్లేఆఫ్స్‌కు చేర్చారు. 2018లో ఇంకొక్క ఆట గెలిచి ఉంటే వరల్డ్ సిరీస్ ఆడేవాళ్లం.

మా పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. వేసవి సాయంత్రాల్లో గ్యారేజీ తలుపు ఎత్తి, మడత కుర్చీ వేసుకుని రేడియోలో ఆట వినేవారు. 1971 నుంచి బ్రూవర్స్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పిన బాబ్ యూకర్ గొంతు మా వీధి చివరి వరకు వినిపించేది. నాకు బేస్‌బాల్ నేర్పింది ఈ పెద్దాయనే. మా అబ్బాయికి ఏడేళ్లప్పుడు ప్లాస్టిక్ బ్యాట్ చేతికిచ్చి కౌన్సెల్ నిలబడే తీరు చూపించారు: రెండు చేతులూ తల మీదుగా పైకెత్తి, కొబ్బరికాయ దింపడానికి గెడ ఎత్తినట్లుగా బ్యాట్‌ను నిటారుగా పట్టుకోవాలి. “ఇది మా ఊరి కుర్రాడి పద్ధతి” అని చెప్పేవారు. వాడు ఆ భంగిమను వదల్లేదు.

ఇక ఆ నవంబర్ 6 సంగతి. కౌన్సెల్ ఒప్పందం అప్పటికే ముగిసింది. న్యూయార్క్ మెట్స్ ఆయన కోసం గట్టిగా ప్రయత్నిస్తోందని అందరికీ తెలుసు. బ్రూవర్స్‌లో ఆయనతో కలిసి పనిచేసిన డేవిడ్ స్టెర్న్స్ అప్పటికే మెట్స్ బాధ్యతలు తీసుకున్నారు కూడా. ఆ రోజు మొదట వచ్చిన వార్త, మెట్స్ కార్లోస్ మెండోజాను ఎంచుకుందని. ఆఫీసులో నా పక్క సీటు ఆయన లేచి నిలబడి రెండు పిడికిళ్లూ పైకెత్తారు. హమ్మయ్య, కౌన్సెల్ ఇక్కడే ఉంటారని అందరం అనుకున్నాం. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. కబ్స్ తమ మేనేజర్ డేవిడ్ రాస్‌ను తొలగించి కౌన్సెల్‌ను తీసుకుందని రెండో వార్త వచ్చింది. ఐదేళ్లకు 4 కోట్ల డాలర్లకు పైగా. అప్పటివరకు ఏ బేస్‌బాల్ మేనేజర్‌కూ అంత పెద్ద ఒప్పందం దక్కలేదు. పక్క సీటు ఆయన మళ్లీ కూర్చుని, సాయంత్రం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు.

మెట్స్‌కు వెళ్లి ఉంటే బాధపడి ఊరుకునేవాళ్లం. కబ్స్ అంటే వేరు. షికాగో ఇక్కడికి గంటన్నర ప్రయాణం. కబ్స్‌తో ఆట ఉందంటే అక్కడి అభిమానులు కార్లలో తరలివచ్చి మా స్టేడియంలోనే మా గొంతులు వినిపించకుండా చేస్తారు. వాళ్లది మహానగరం, ధనిక జట్టు. మాది చిన్న ఊరు. మేం పెంచుకున్న వాళ్లను డబ్బున్న వాళ్లు ఎగరేసుకుపోతారన్న భయం ఇక్కడివారికి ఎప్పుడూ ఉంటుంది. అదే నెలలో హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటాన్స్ నుంచి ముంబయి ఇండియన్స్‌కు వెళ్లడం, తర్వాతి ఐపీఎల్‌లో అహ్మదాబాద్ ప్రేక్షకులు ఆయనను గేలి చేయడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన అక్కడ రెండే సీజన్లు ఆడారు. తొమ్మిదేళ్లు జట్టును నడిపి వెళ్లి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

అయినా కౌన్సెల్‌ను నేను తప్పుపట్టలేను. కోట్లు తీసుకునే ఆటగాళ్లను నడిపించే మేనేజర్లకు అందులో చాలా తక్కువ భాగం ముడుతుంది. తన పనికి తగిన వెల ఆయన అడిగారు, ఇచ్చేవారు దొరికారు. నేనూ విజయవాడ వదిలి ఇంత దూరం వచ్చింది మెరుగైన జీతం కోసమే. నేను బయలుదేరే ముందు వారం రోజులూ మా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదు. సున్నుండల డబ్బా మాత్రం సూట్‌కేసులో తనే సర్దింది. మిల్వాకీ కోపాన్ని నేను అలాగే అర్థం చేసుకున్నాను. జట్టు యజమాని మార్క్ అటనాసియో కూడా, మేం క్రెయిగ్‌ను పోగొట్టుకున్నాం, ఆయనా మమ్మల్నీ మా ఊరినీ పోగొట్టుకున్నారు అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట చాలామందికి కఠినంగా తోచింది. నాకు మాత్రం అది నిజమే అనిపించింది.

నేను ఒప్పుకోలేనిది ఒక్కటే. వైట్‌ఫిష్ బేలో పిల్లలు ఆడుకునే మైదానానికి ఆయన పేరు పెట్టారు. ఆ బోర్డు మీద ఎవరో రంగుతో బూతుమాట రాశారు. ఆ వార్త చూసి మా అబ్బాయి ఆ మాటకు అర్థం అడిగాడు. నేను చెప్పలేకపోయాను. పెద్దవాళ్ల కోపం పిల్లల మైదానం దాకా వెళ్లకూడదు.

తర్వాతి సీజన్‌లో, 2024 మే 27న, కబ్స్ మేనేజర్‌గా ఆయన తొలిసారి ఇక్కడికి వచ్చారు. మెమోరియల్ డే సెలవు, మధ్యాహ్నం ఆట. నేనూ, అబ్బాయీ, పక్కింటి పెద్దాయనా వెళ్లాం. కౌన్సెల్ పేరు వినగానే స్టేడియం అంతా “బూ” అని హోరెత్తింది. పెద్దాయన కర్ర ఆనుకుని లేచి నిలబడి అరిచారు. ఆ గొంతు పెద్దగా వినిపించలేదు గానీ మెడ నరాలు ఉబ్బడం నాకు కనిపించింది. కూర్చున్నాక కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. నేను అరవలేదు, చప్పట్లూ కొట్టలేదు. అంత ప్రేమ లేకపోతే ఆ వయసు మనిషి అలా లేచి అరుస్తారా? ఆ రోజు ఆట మేమే గెలిచాం.

ఆ తర్వాత జరిగినదాంట్లో నాకు బాగా నచ్చింది ప్యాట్ మర్ఫీ కథ. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో కౌన్సెల్‌కు కోచ్‌గా ఉన్నది ఆయనే. తర్వాత బ్రూవర్స్‌లో శిష్యుడికి సహాయకుడిగా పనిచేశారు. శిష్యుడు వదిలి వెళ్లిన కుర్చీ గురువుకు దక్కింది. 2024లో బ్రూవర్స్ 93 ఆటలు గెలిచి తమ విభాగం (డివిజన్) టైటిల్ సాధిస్తే, కబ్స్ 83 దగ్గర ఆగింది. ఆ ఏడాది ఈ రెండు జట్లూ ఆడే నేషనల్ లీగ్ ఉత్తమ మేనేజర్ అవార్డు మర్ఫీకి వచ్చింది, మరుసటి ఏడాదీ ఆయనకే.

2025 జనవరిలో యూకర్ కన్నుమూశారు. ఆ వేసవి పక్కింటి గ్యారేజీ తలుపు తెరుచుకున్న రోజులు చాలా తక్కువ. అక్టోబర్‌లో ప్లేఆఫ్స్‌లో మాకు కబ్సే ఎదురయ్యారు. చెరి రెండు ఆటలు గెలిచాక, అక్టోబర్ 11 రాత్రి ఐదో ఆట ఇక్కడే జరిగింది. పెద్దాయన మా ఇంటికి వచ్చి మాతోపాటు టీవీలో చూశారు. 3–1తో గెలిచాం. చివరి అవుట్ పడగానే మా అబ్బాయి గంతులు వేశాడు. కౌన్సెల్‌ను ఏమైనా అంటారేమోనని నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన కాసేపు తెర వైపే చూసి, అబ్బాయిని దగ్గరకు పిలిచి, “ఇప్పటికీ చేతులు పైకెత్తే ఆడుతున్నావా?” అని అడిగారు.

అవునన్నాడు వాడు.