ఎస్‌ఎస్‌బీ నెగ్గి మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే వెంటనే కోర్టుకు వెళ్లాలా?

మీ తమ్ముడు సైన్యంలో అధికారులను తీసుకునే సీడీఎస్ పరీక్షలో ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ దాకా నెగ్గాడనీ, మోచేయి కోణం ఎక్కువని, ముక్కు దూలం వంకరని మెడికల్‌లో పర్మనెంట్ అన్‌ఫిట్ అన్నారనీ, హైకోర్టులో కేసు వేయాలా అనీ అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు మళ్లీ పరీక్షించే అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్లనివ్వండి. ఈ రెండు కారణాలతోనే నన్నూ పక్కన పెట్టారు, అందుకే చెబుతున్నా.

మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్లిలో పేయింగ్ గెస్ట్ హాస్టల్లో (పీజీ) ఉండి ఉద్యోగం చేస్తూ పరీక్ష రాశాను. కబ్బన్ రోడ్డు సెలెక్షన్ సెంటర్‌లో అయిదు రోజులూ గట్టెక్కిన సంతోషం మెడికల్ దాకానే. చెయ్యి చాచినప్పుడు మోచేయి దగ్గర బయటికి తిరిగే కోణం కొలిచి 17 డిగ్రీలన్నారు. మగవాళ్లకు 15, ఆడవాళ్లకు 18 దాటకూడదు. చిన్నప్పటి నుంచి ఆ చేత్తోనే బౌలింగ్ చేస్తున్నా, వంకరని ఒక్కరూ అనలేదు!

అప్పీలుకు 42 రోజుల గడువు, 40 రూపాయల చలానా. అందులో మొదటి పది రోజులు నేను ఉత్తపుణ్యానికి పాడు చేసుకున్నాను. ప్రైవేటు ఆసుపత్రి చుట్టూ తిరిగి, డబ్బు పోసి, చెయ్యి బాగుందని సర్టిఫికెట్ తెచ్చుకున్నా. అప్పీల్ బోర్డు డాక్టరు దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, తన కొలబద్ద తీశారు. ఆ పది రోజుల్లో ముక్కు ఆపరేషన్ చేయించుకుని ఉంటే పుండు మానడానికి తీరిక దొరికేది. చివరికి హడావిడిగా చేయించుకుని, ఇంకా కాస్త వాపుతోనే వెళ్లాను. మెడికల్ కాగితాల కోసం 10 రూపాయలు కట్టి ఆర్టీఐ వేయడమూ ఆలస్యమే. జవాబుకు 30 రోజుల గడువుంటుంది. మొదటి రోజే వేసినా మీకు మిగిలేది 12 రోజులు.

నా అదృష్టం, ఈసారి కొలిస్తే 14 వచ్చింది. కొలతతో తేలేవి ఇలా మారొచ్చు, ఆపరేషన్‌తో పోయేవీ ఉంటాయి. రంగులు గుర్తుపట్టలేకపోవడం లాంటిది మాత్రం ఎన్ని బోర్డులకు తిరిగినా మారదు, లాయరు ఫీజు తప్ప ఏమీ మిగలదు.

మా పీజీలోనే ఉన్న కర్నూలు అబ్బాయి సంగతి వేరు. వెన్నెముక ఎక్స్‌రే దగ్గర ఆగిపోయాడు. అప్పీల్లోనూ అన్‌ఫిట్ అన్నారు. ఆ మర్నాటిలోగా ఆఖరి పరీక్ష చేసే రివ్యూ బోర్డు కావాలని రాసివ్వాలి, అదీ హక్కు కాదు, ఇవ్వడం ఇవ్వకపోవడం సైనిక వైద్య విభాగం డైరెక్టర్ జనరల్ ఇష్టం. ఇస్తే ఢిల్లీలోని ఆర్ అండ్ ఆర్ సైనిక ఆసుపత్రికో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీకో వెళ్లాలి. ఇతను కోపంలో అది అడక్కుండా నేరుగా లాయరు దగ్గరికి పోయాడు. ఇంకా సైన్యంలో చేరలేదు కాబట్టి సైనిక ట్రిబ్యునల్ కాదు, 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయాలన్నారు. విధానసౌధ ఎదుట ఆ ఎర్ర భవనానికి తోడుగా నేనూ రెండుసార్లు వెళ్లాను. రివ్యూ ఎందుకు అడగలేదన్న ప్రశ్నే ముందు వచ్చింది. చివరికి కోర్టు మళ్లీ పరీక్షించమంది, అంతే, చేర్చుకోమనలేదు. కొత్త బోర్డూ అన్‌ఫిట్ అనే రాసింది. ఈలోపు అతనికి వయసు దాటిపోయింది.

వాళ్ల లాయరు గారు మొదట్లోనే చెప్పారు: జడ్జి గారు మీ వెన్ను చూడరు, బోర్డు పని సరిగ్గా చేసిందా అన్నదే చూస్తారు. రెండు బోర్డుల మాట పొంతన కుదరకపోయినా, ఆ జబ్బు స్పెషలిస్టు లేకుండానే తేల్చేసినా, కారణం రాయకపోయినా, రూల్‌లో లేని లోపం పట్టుకున్నా అప్పుడు వాదించడానికి బలం ఉంటుంది. బయటి డాక్టరు బాగున్నావన్నాడు అనడం ఒక్కటే చాలదు. సైన్యం ప్రమాణాలు వేరని ఢిల్లీ హైకోర్టు చాలాసార్లు చెప్పింది.

అన్‌ఫిట్ అని చెప్పిన తేదీ మీరు రాయలేదు. అది చెప్పండి. ముక్కు ఆపరేషన్‌కు ఇంకా టైమ్ ఉందో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది.