ఒగ్గు కథ చెప్పేవాళ్లను ఇంగ్లిష్‌లో ఆర్టిస్ట్ అనాలా, ఆర్టీస్ట్ అనాలా?

మీ మామయ్య గారి ఒగ్గు కథ బృందానికి లెటర్‌హెడ్ కొట్టిస్తున్నారు. ఇంగ్లిష్‌లో ‘ఆర్టిస్ట్’ రాసేటప్పుడు చివర ‘ఈ’ అక్షరం పెట్టాలా వద్దా, ‘ఈ’ పెడితే ఆడవాళ్లకని ఎవరో అన్నారు, నిజమేనా అని అడిగారు. నిజం కాదు. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా స్టేజీ ఎక్కేవాళ్లకు ‘ఈ’ పెట్టొచ్చు. మీ మామయ్య గారికైతే పెట్టమనే చెబుతాను.

నల్లగొండలో నాది డీటీపీ, ఫ్లెక్సీల షాపు. కళాబృందాల లెటర్‌హెడ్లు, ప్రశంసా పత్రాలు, దరఖాస్తులు చాలానే నా చేతి మీదుగా పోతాయి కాబట్టి ఈ పంచాయితీ నాకు పాతదే.

ఫ్లెక్సీలు రాకముందు మన దగ్గర ఆర్టిస్ట్ అంటే ఎవరు? గోడల మీద, షాపు బోర్డుల మీద రంగులతో అక్షరాలు రాసేవాడు, బొమ్మలు వేసేవాడు. బోర్డు కింది మూలన చిన్నగా తన పేరు, పక్కన ‘ఆర్టిస్ట్’ అని రాసుకునేవాడు. ఒగ్గు కథ చెప్పేవాళ్లనో, చిందు బాగోతం ఆడేవాళ్లనో ఎవరూ ఆర్టిస్ట్ అనలేదు. ఇంగ్లిష్‌లోనూ జరిగింది అదే. ఆర్టిస్ట్ అంటే చిత్రకారుడే అన్న అర్థం గట్టిపడిపోయింది. దాంతో పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు విడిగా ఒక మాట కావాల్సి వచ్చి, 19వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రెంచ్ నుంచి ‘ఈ’తో ఉన్న మాటను మళ్లీ తెచ్చుకున్నారు. ఆ ఫ్రెంచ్ మాట ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒక్కటే. పలికేటప్పుడు ‘టీ’ని సాగదీసి, దాని మీదే బరువు వేయాలి: ఆర్‌టీస్ట్. మనవాళ్లు చాలామంది ‘ఆర్టిస్టే’ అని చదువుతారు. ‘ఆయన ఆర్టిస్టే’ అంటే ఎవరో కాదన్నట్టు, మనం ఒప్పించినట్టు ఉంటుంది!

ఆడ, మగ తేడా అనే అపోహ మాత్రం గట్టిగానే ఉంది. యాక్టర్, యాక్ట్రెస్ లాగా ఇదీ ఉంటుందనుకుంటారు. ఒకసారి పద్యనాటకం పోటీల ప్రశంసా పత్రాలు నా దగ్గరికి వచ్చాయి. నిర్వాహకులు రాసిచ్చిన కాగితంలో మగవాళ్లందరికీ ‘ఈ’ లేదు, చంద్రమతి వేషం వేసినావిడకు మాత్రం ఉంది. ఆవిడ ప్రూఫ్ చూసి, “నేనేమన్న వేరే పని చేసిన్నా తమ్మీ? అదే స్టేజి, అవే పద్యాలు గదా” అన్నది. పాయింటే. హరిశ్చంద్రుడి నుంచి హార్మోనియం మాస్టర్ దాకా అందరికీ ‘ఈ’ పెట్టి కొట్టి ఇచ్చాను.

ఎక్కడ పెట్టకూడదో కూడా చూసుకోండి. బొమ్మలు వేసేవాళ్లకు, మేకప్ చేసేవాళ్లకు, టాటూ వేసేవాళ్లకు ‘ఈ’ ఉండదు. జనం ముందు ప్రదర్శన ఇచ్చేవాళ్లకే అది. మన ఇంగ్లిష్ పేపర్లలో జానపద కళాకారులకు, మిమిక్రీ వాళ్లకు, సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టులకు ‘ఈ’తో రాయడం బాగా అలవాటు. ‘ఈ’ లేకుండా రాసినా తప్పేం కాదు, ఈ మధ్య అలా రాసేవాళ్లే ఎక్కువవుతున్నారు.

అమెరికా సంగతి వేరు. అక్కడ ‘ఈ’తో వాడేది తక్కువ, వాడితే కొంచెం గొప్పలు పోతున్నట్టు, ఒక్కోసారి వెక్కిరింతగా కూడా వినిపిస్తుంది. అక్కడి తెలుగు సంఘాలు పిలిచి, మీ వాళ్లు ప్రదర్శనకు పోవాల్సి వస్తే సంప్రదాయ కళల బృందాలకు పీ-3 అనే వీసా ఉంది. అందులో వాళ్లు వాడే మాట ‘ఆర్టిస్ట్ ఆర్ ఎంటర్‌టైనర్’, ‘ఈ’ లేకుండా. ఆ కాగితాల్లో వాళ్లు రాసినట్టే రాయండి.

నన్నడిగితే ‘ఈ’ కంటే ముందు చూసుకోవాల్సింది కళ పేరు. ‘ఫోక్ ఆర్టీస్ట్’ అని ఊరుకుంటే డప్పా, కోలాటమా, బుర్రకథా ఎవరికి తెలుస్తుంది? 2022లో పద్మశ్రీ వచ్చిన నాగర్‌కర్నూల్ జిల్లా మొగులయ్య గారిని పన్నెండు మెట్ల కిన్నెరతోనే గుర్తుపడతాం. 2024లో అదే గౌరవం పొందిన నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారంటే బుర్రవీణ. ఒగ్గు అనే మాటను కూడా వదులుకోవద్దు. అది శివుడి డమరుకం పేరు, ఇంగ్లిష్‌లో దానికి సరితూగే మాట లేదు, వెతకనూ వద్దు.

కాబట్టి లెటర్‌హెడ్ మీద తెలుగులో ‘ఒగ్గు కథ బృందం’ అని పెద్దక్షరాల్లో పెట్టించి, కింద ఇంగ్లిష్‌లో ‘ఒగ్గు కథ ఆర్టీస్ట్స్’ అని ‘ఈ’ తర్వాత ‘ఎస్’ చేర్చి కొట్టించండి. ‘ఒగ్గు’కు రెండు ‘జీ’లు పడాలి, ఒకటే పెడుతున్నారు చాలామంది. డోలు వాయించేవాళ్లు, వంత పాడేవాళ్లు కూడా ఆర్టీస్ట్స్ కిందికే వస్తారు, వాళ్లకు వేరే మాట అక్కర్లేదు. బృందం పేరు బ్యాంకు పాస్‌బుక్‌లో ‘ఈ’ లేకుండా ఉంటే మాత్రం లెటర్‌హెడ్ మీద కూడా తీసేయండి. రెండు చోట్లా రెండు స్పెల్లింగులు ఉంటే ప్రోగ్రాం డబ్బులు చెక్కు రూపంలో వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఆపేస్తారు.